కాగితం వదిలిన మందుల చీటీ

వైద్యుడు రాసే మందుల చీటీని రోగికిచ్చిన సలహాగా లోకం భావిస్తుంది గాని, చట్టం దృష్టిలో అది రోగి చేతిమీదుగా ఫార్మసిస్టుకు చేరే ఆదేశం. రిజిస్టరైన వైద్యుడు ఒక రోగికి ఫలానా మందును ఫలానా పరిమాణంలో ఇవ్వవలసిందిగా ఫార్మసిస్టుకు రాతపూర్వకంగానో ఎలక్ట్రానిక్ రూపంలోనో ఇచ్చే ఆదేశమే ప్రిస్క్రిప్షన్ అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు నిర్వచించాయి. ఈ నిర్వచనంలో ‘ఎలక్ట్రానిక్’ అనే మాట చేరి పదేళ్లు దాటినా, పల్నాడు జిల్లా నరసరావుపేటలోనో మాచర్లలోనో ప్రైవేటు ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే రోగి చేతిలో సాధారణంగా కనిపించేది కాగితమే; కంప్యూటర్లో పుట్టిన చీటీ కూడా ప్రింటరు దాటేసరికి మళ్లీ కాగితమే అవుతుంది. దీన్ని ఆ ఊళ్ల వెనుకబాటుగా లెక్కగట్టడం తొందరపాటు. కాగితపు చీటీ ఇంతకాలం ఎవరూ గమనించకుండానే కొన్ని పనులు చేసిపెడుతూ వచ్చింది. ఆ పనులన్నింటినీ మరొకరు తలకెత్తుకున్న చోటనే ఎలక్ట్రానిక్ చీటీ వైద్యుడి బల్ల నుంచి మందుల షాపు దాకా కాగితం తోడు లేకుండా నడవగలుగుతుంది.

ఆ పనులేమిటో 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని 65వ నిబంధన చదివితే తెలుస్తుంది. చీటీ రాతలో ఉండాలి, వైద్యుడు స్వయంగా సంతకం చేసి తేదీ వేయాలి, రోగి పేరూ చిరునామా, మందు మొత్తం పరిమాణం, వేసుకోవలసిన మోతాదు అందులో ఉండాలి అని ఆ నిబంధన చెబుతుంది. అంతటితో ఆగకుండా, చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ వంటి జాబితాల్లోని మందులు ఇచ్చేటప్పుడు దుకాణదారు తన దుకాణం పేరూ చిరునామా, మందు ఇచ్చిన తేదీ ఆ చీటీ మీదే, వైద్యుడి సంతకానికి పైభాగాన నమోదు చేయాలనీ, మళ్లీ ఇవ్వవచ్చునని వైద్యుడు రాస్తే తప్ప అదే చీటీకి రెండోసారి మందు ఇవ్వరాదనీ కూడా చెబుతుంది. అంటే ఒకే కాగితం మూడు ప్రశ్నలకు సమాధానం మోస్తున్నది: ఆదేశించింది ఎవరు, ఆదేశించింది ఏమిటి, ఆ ఆదేశం ఇదివరకే చెల్లిపోయిందా. సినిమా హాలు గుమ్మం దగ్గర చింపిన టికెట్టు రెండో ఆటకు పనికిరానట్టే, దుకాణం ముద్ర పడిన చీటీ కూడా, కనీసం నిబంధనల పుస్తకంలోనైనా, మరో దుకాణంలో చెల్లదు. మూడో ప్రశ్నకు కాగితం సమాధానం చెప్పగలిగింది అది ఒకే ఒక్క ప్రతి కావడం వల్లనే. ఎలక్ట్రానిక్ దస్తావేజుకు స్వభావరీత్యా లేనిది సరిగ్గా ఈ ఒంటరితనమే. ఫైలు ఎన్నిసార్లు నకలైనా ప్రతి నకలూ అసలే.

కాగితం బాగా చేయలేకపోయినది రెండో పని, ఏమి ఇవ్వాలో స్పష్టంగా చెప్పడం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఓడెస్సాలో 1995లో ఒక హృద్రోగికి ఐసార్డిల్ అనే మందును 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు వాడమని వైద్యుడు రాయగా, చేతిరాత చదవలేని ఫార్మసిస్టు దాన్ని ప్లెండిల్ అనుకొని ఇచ్చాడు. రోజు మొత్తానికి 10 మిల్లీగ్రాములు మించకూడని ఆ రక్తపోటు మందు రోగి ఒంట్లోకి అంతకు ఎనిమిది రెట్లు వెళ్లింది, కొద్దిరోజుల్లో అతడు మరణించాడు. 1999లో జ్యూరీ నాలుగున్నర లక్షల డాలర్ల పరిహారాన్ని రాసినవారికీ చదివినవారికీ చెరిసగం పంచింది. ఆ తీర్పులో గమనించదగినది, వైద్యుడు ఎంచుకున్న మందులో తప్పు లేకపోయినా రాతే ఒక వైద్య దోషంగా పరిగణన పొందడం. పూర్తి పేర్లే ఇలా తారుమారైతే పొట్టి అక్షరాల సంగతి చెప్పనక్కరలేదు. ఇన్సులిన్ యూనిట్లకు గుర్తుగా రాసే ‘యు’ అక్షరం సున్నాలా కనిపించి మోతాదును పదింతలు చేస్తుంది. ముందు సున్నా లేకుండా రాసిన దశాంశ బిందువు కాగితం మీది మరకలో కలిసిపోయి సగం మిల్లీగ్రామును ఐదు మిల్లీగ్రాములుగా మారుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకే హైకోర్టు ఉన్న రోజుల్లో, పల్నాడుకు కృష్ణానది ఆవలి ఒడ్డునున్న నల్లగొండ జిల్లాకు చెందిన ఒక ఫార్మసిస్టు ఈ గొలుసుకట్టు రాతకు విరుగుడు కోరుతూ కోర్టుకెక్కాడు. భారత వైద్య మండలి 2016లో తన నియమావళిని సవరించి, మందులను జనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యులను ఆదేశించింది. రోజుకు వందమంది రోగులను చూసే వైద్యుడు పెద్ద అక్షరాల్లో ఎంతసేపు రాయగలడన్నది ఆ సవరణ పట్టించుకోని ప్రశ్న.

చేతిరాత పోయి టైపు అక్షరాలు వచ్చినంత మాత్రాన చీటీ ఎలక్ట్రానిక్ అయినట్టు కాదు. కాగితం మీద రాసి ఫోనుతో తీసిన ఫొటో, కంప్యూటర్లో టైపు చేసిన పీడీఎఫ్ కాగితం, అంశాలవారీగా గడులు నింపిన సమాచారపత్రం అనే మూడింటినీ జనం ఒకే పేరుతో పిలుస్తున్నారు గాని, మొదటి రెండింటినీ చదవగలిగేది మనిషి మాత్రమే, మూడోదాన్ని యంత్రం కూడా చదువుతుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు చొప్పున, భోజనం తర్వాత, 30 రోజులు అనే ఆదేశాన్ని మూడో పద్ధతిలో రాస్తే మందు, బలం, రూపం, ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎన్నాళ్లు అనేవి విడివిడి గడుల్లో పడతాయి, అరవై మాత్రలన్న మొత్తాన్ని యంత్రమే లెక్కగడుతుంది. వైద్య సమాచార మార్పిడికి ప్రపంచమంతటా వాడుకలోకి వస్తున్న ‘ఫైర్’ అనే ప్రమాణంలో ఇటువంటి ఆదేశానికి ‘మెడికేషన్ రిక్వెస్ట్’ అని, దాని మీద దుకాణం ఇచ్చిన మందుకు ‘మెడికేషన్ డిస్పెన్స్’ అని వేర్వేరు పత్రాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా తన రికార్డులకు ఈ ప్రమాణాన్నే స్వీకరించింది.

మందు పేరున్న గడి నింపడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఒకే మెట్‌ఫార్మిన్‌ను మన దేశంలో ఎన్నో కంపెనీలు ఎన్నో బ్రాండు పేర్లతో, మరో రెండు మూడు మందులతో కలిపిన మిశ్రమాలుగా కూడా అమ్ముతాయి. మనిషికి పేరు చాలు. యంత్రానికి మాత్రం ఆ పేర్లన్నీ ఏ మూల ఔషధానికి చెందినవో చెప్పే సంకేత సంఖ్య కావాలి. ఇందుకోసమే కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ పుణెలో నడిపే జాతీయ వనరుల కేంద్రం, భారతదేశం 2014లో సభ్యత్వం తీసుకున్న స్నోమెడ్ సీటీ అనే అంతర్జాతీయ వైద్యపద కోశానికి అనుబంధంగా, దేశీయ మందులకు ఉమ్మడి సంకేతాలను రూపొందించింది. సంకేతం ఉన్నప్పుడే రోగి ఇదివరకే వాడుతున్న మందుతో కొత్త మందు పొసగుతుందా, ఒకే మందు రెండు బ్రాండు పేర్ల మాటున రెండుసార్లు పడుతున్నదా అని యంత్రం సరిచూడగలుగుతుంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో చిన్న క్లినిక్కుల మీద జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఎలక్ట్రానిక్ పద్ధతికి మారిన వైద్యుల చీటీల్లో దోషాలు నూటికి 42.5 నుంచి ఏడాదిలో 6.6కి పడిపోయాయి. ఆ దోషాలన్నీ ప్రాణాంతకమైనవి కావు, వాటిలో ప్రమాదకరం కాని సంక్షిప్త రూపాలూ అసంపూర్ణ రాతలూ కలిసి ఉన్నాయన్న సంగతి మరిచి ఈ అంకెను ఉటంకించడం మాత్రం సరికాదు.

వేళలు తెలిపే గడిలో తెలుగునాట వైద్యులకూ రోగులకూ ఉమ్మడిగా అలవాటైన పద్ధతి ఒకటున్నది: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలో 1–0–1 అని రాయడం. అక్షరాలు రానివారికి కూడా అర్థమయ్యే ఈ అంకెల వరుస లాటిన్ సంక్షిప్తాల కంటే ఎన్నో రెట్లు మేలైనదే గాని, దానికి తెలిసిన కాలం ఒక్క రోజు మాత్రమే. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోయి మరణం సంభవించవచ్చు. మూడు అంకెల వరుసలో వారానికి చోటు లేదు కనుక, వైద్యుడు 1–0–0 అని రాసి పక్కన ‘వారానికి’ అని చేర్చినా చదివేవారి కన్ను అంకెల దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ‘ఫైర్’ ప్రమాణంలో ఎన్నిసార్లు, ఎంత వ్యవధికి, ఆ వ్యవధి రోజా వారమా అని మూడు వేర్వేరు అంశాలు ఉండటం ఇటువంటి మందులకు అక్కరకొస్తుంది. తెలుగునాట అమ్మే క్లినిక్ సాఫ్ట్‌వేర్ ఏదైనా మూడు అంకెల గడితోనే సరిపెట్టుకుంటే, అది కాగితంలోని లోపాన్ని తెరమీదికి ఎక్కించినదే అవుతుంది.

తెర తనవైన తప్పులను కూడా తెస్తుంది. అమెరికాలోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో కంప్యూటర్ ద్వారా మందులు రాసే విధానాన్ని పరిశీలించి 2005లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం, ఆ విధానమే దారి చూపే 22 రకాల దోషావకాశాలను గుర్తించింది. జాబితాలో ఒక గీత కిందికి జారి పక్క మందు మీద వేలు పడటం, ఒక రోగి పత్రం తెరిచి ఉండగా మరొకరి మందు రాయడం, పాత మందును ఆపకుండానే కొత్తది చేర్చడం వంటివి వాటిలో ఉన్నాయి. చేతిరాత తప్పు గజిబిజిగా కనిపించి చదివేవారిని అనుమానించమంటుంది. టైపు అక్షరాల తప్పు మాత్రం ఒప్పులాగే శుభ్రంగా ఉంటుంది. హెచ్చరికలు మితిమీరితే వైద్యుడు చదవకుండానే వాటిని మూసేయడం అలవాటు చేసుకుంటాడన్నది మరో చిక్కు. అందువల్ల ఎలక్ట్రానిక్ చీటీ వచ్చాక ఫార్మసిస్టు పని తగ్గుతుందనుకోవడం పొరపాటు. అక్షరాలు కూడబలుక్కోవడానికి పట్టే సమయం మిగిలి, రాసినది ఈ రోగికి తగునా అని ఆలోచించే పని అతనికి చేరుతుంది.

ఆదేశించింది ఎవరన్న మొదటి ప్రశ్నకు సమాధానం గణితం నుంచి వచ్చింది. సమాచార సాంకేతిక చట్టం, 2000, ఎలక్ట్రానిక్ దస్తావేజుకూ ఎలక్ట్రానిక్ సంతకానికీ కాగితంతో, సిరా సంతకంతో సమానమైన గుర్తింపునిచ్చింది. డిజిటల్ సంతకమంటే వేలితో గీసిన సంతకం బొమ్మ కాదు. చీటీలోని సమాచారాన్ని ‘హాష్’ అనే గణిత ప్రక్రియకు లోనుచేస్తే నిర్ణీత నిడివి గల సంఖ్య ఒకటి వస్తుంది. విరివిగా వాడే ఎస్‌హెచ్‌ఏ–256 ప్రక్రియలో దాని నిడివి 256 బిట్లు. చీటీలో ఒక్క అంకె మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. దాన్ని వైద్యుడు తన దగ్గర మాత్రమే ఉండే రహస్య కీతో ముడివేస్తే సంతకం తయారవుతుంది, అందరికీ అందుబాటులో ఉండే బహిరంగ కీతో ఎవరైనా దాన్ని సరిచూడవచ్చు. పది మాత్రలను వంద చేసిన చీటీ ఆ పరీక్షలో వెంటనే దొరికిపోతుంది. ఆ కీ యజమాని నిజంగా వైద్యుడేనా అన్నది గణితం తేల్చలేదు. అందుకు వైద్య మండలి రిజిస్ట్రేషన్‌తో సరిచూసి పేర్లు నమోదుచేసే పట్టిక కావాలి, డిజిటల్ మిషన్‌లోని ఆరోగ్య నిపుణుల రిజిస్ట్రీ చేసే పని అదే. పల్లెల్లో జనం ఆర్‌ఎంపీ డాక్టరని పిలుచుకునే, పట్టా లేని వైద్యులకు ఆ పట్టికలో చోటు లేదు కనుక, వారు అట్ట ముక్క మీద రాసిచ్చే మందుల పేర్లకు ఎలక్ట్రానిక్ వారసత్వం ఉండబోదు.

ఇక మిగిలినది మూడో ప్రశ్న, చీటీ చెల్లిపోయిందా లేదా అన్నది. వివిధ దేశాల విధానాలను విడదీసేది ఈ ప్రశ్నకు అవి చెప్పిన సమాధానమే. 1983లో స్వీడన్‌లో, ఒక వైద్యుడి కార్యాలయం నుంచి దగ్గరలోని మందుల షాపుకు నేరుగా కంప్యూటర్ ద్వారా చీటీ వెళ్లింది. తొలి ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్‌గా చరిత్రకారులు చెప్పేది దాన్నే. షాపు ముందే నిర్ణయమైతే నకళ్ల సమస్య రాదు, రోగికి మరో షాపు ఎంచుకునే వీలూ ఉండదు. ఇంగ్లండ్‌లో 2005లో మొదలైన విధానంలో చీటీ ముందు జాతీయ సర్వరుకు చేరుతుంది, రోగి పేర్కొన్న ఫార్మసీ దాన్ని అక్కడి నుంచి తీసుకుంటుంది. ఒకరు తీసుకున్నాక మరొకరికి అది దొరకదు. ఎస్టోనియాలో 2010 నుంచి గుర్తింపు కార్డు చూపిస్తే దేశంలోని ఏ ఫార్మసీలోనైనా చీటీ తెరుచుకుంటుంది. ఆస్ట్రేలియాలో కోవిడ్ కాలంలో విస్తరించిన పద్ధతిలో రోగి ఫోనుకు వచ్చేది క్యూఆర్ గుర్తు మాత్రమే, అసలు చీటీ సర్వరులోనే ఉంటుంది, ఆ గుర్తును పదిమందికి పంపినా మందు ఒక్కసారే వస్తుంది. దారులు వేరైనా ఇంగ్లండ్, ఎస్టోనియా, ఆస్ట్రేలియా చేసింది ఒకటే: దుకాణం ముద్ర కాగితం మీద చేసిన పనిని అందరూ చూడగలిగే ఒకే పద్దు మీదికి మార్చడం.

భారతదేశంలో ప్రైవేటు వైద్యులనూ ప్రైవేటు ఫార్మసీలనూ కలిపే ఇటువంటి ఉమ్మడి పద్దు లేదు. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, సంతకం చేసిన చీటీ ఫొటోను గాని, స్కాన్ ప్రతిని గాని, ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్‌ను గాని ఈమెయిల్ ద్వారానో సందేశాల యాప్ ద్వారానో రోగికి పంపవచ్చునని అనుమతించాయి; నేరుగా ఫార్మసీకి పంపాలంటే మాత్రం రోగి స్పష్టమైన సమ్మతి ఉండాలనీ, తనకు నచ్చిన ఏ షాపులోనైనా కొనుక్కునే హక్కు అతనికి మిగలాలనీ షరతు పెట్టాయి. ఆసుపత్రి ఆవరణలోనే మందుల షాపు ఉండటం సర్వసాధారణమైన ఊళ్లలో ఈ షరతుకున్న విలువ వేరే చెప్పనక్కరలేదు. అవే మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులనూ మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవాటినీ దూరవైద్యంలో రాయకూడదని నిషేధించాయి. అయితే వాట్సాప్‌లో వచ్చిన చీటీ ఫొటో నరసరావుపేటలో ఒకసారి, సత్తెనపల్లిలో మరొకసారి, పిడుగురాళ్లలో ఇంకొకసారి చెల్లకుండా ఆపే ఏర్పాటు వాటిలో లేదు. సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్‌లను 2014 మార్చి 1 నుంచి అమలైన షెడ్యూల్ హెచ్1లో చేర్చి, ప్రతి అమ్మకానికీ వైద్యుడి పేరూ రోగి పేరూ రాసిన రిజిస్టరు మూడేళ్లు భద్రపరచమన్నారు గాని, ఏ దుకాణం రిజిస్టరు ఆ దుకాణం బల్ల మీదే ఉంటుంది.

ప్రభుత్వ వైద్యంలో పరిస్థితి భిన్నంగా ఉండటానికి కారణం అక్కడ రాసేవారూ ఇచ్చేవారూ ఒకే యజమాని కింద పనిచేయడం. వీడియో ద్వారా వైద్య సలహా అందించే ఈ–సంజీవని విధానాన్ని ఆరోగ్య కేంద్రాల మధ్య 2019 నవంబరులో దేశంలో మొదట అమలులోకి తెచ్చినది ఆంధ్రప్రదేశే. సీడాక్ మొహాలీ కేంద్రం రూపొందించిన ఈ ఏర్పాటులో, హబ్‌ అనే కేంద్రంలో కూర్చున్న వైద్యుడు గ్రామ ఆరోగ్య క్లినిక్కులోని మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలి సహాయంతో రోగిని చూసి చీటీని తెర మీద నింపితే, అది క్షణాల్లో ఆమె తెర మీద ప్రత్యక్షమవుతుంది; మందు ఇచ్చేది ఆమే. 2023 ఏప్రిల్ 6న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని రాష్ట్రమంతటికీ ప్రారంభించినది పల్నాడు జిల్లా చిలకలూరిపేట మండలంలోని లింగంగుంట్లలోనే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి రావడం, మిగతా రోజుల్లో గ్రామ క్లినిక్కు వీడియో ద్వారా వైద్యుణ్ణి అందుకోవడం అందులోని ఏర్పాటు. క్లినిక్కులో 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉండాలన్నది ప్రమాణం. నల్లమల అంచున వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లోని తండాల నుంచి రక్తపోటు మాత్రల కోసం పట్నం వెళ్లిరావడమంటే ఒకనాటి కూలి పోగొట్టుకోవడమే గనుక, చీటీ మనిషి కంటే ముందు ప్రయాణం చేయడం వల్ల అక్కడ కలిగే లాభం పట్టణవాసికి కలిగే సౌకర్యంతో పోల్చదగినది కాదు.

ఆ 105 మందుల జాబితాయే ఈ విధానానికి బలం, బలహీనత కూడా. జాబితా చిన్నది, పేర్లన్నీ జనరిక్‌లు కావడంతో సంకేతాల చిక్కు దాదాపు ఉండదు, హబ్ వైద్యుడు జాబితాకు కట్టుబడితే రాసినది అల్మరాలో దొరికే అవకాశం ఎక్కువ. దాటి రాస్తే మాత్రం ఎలక్ట్రానిక్ చీటీ కాగితంగా మారి ప్రైవేటు షాపుకు నడుస్తుంది. అల్మరాలో ఏముందో తెలిపే సమాచారం మరో వ్యవస్థలో ఉన్నది: సీడాక్ రూపొందించిన ఈ–ఔషధి ద్వారా రాష్ట్ర వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ మందుల నిల్వలను బ్యాచి సంఖ్యలతో, గడువు తేదీలతో లెక్కిస్తుంది. వైద్యుడి తెర మీద మందు పేరు పక్కనే నిల్వ కూడా కనిపించేలా ఈ రెండూ కలిసిన చోట, లేని మందు రాసి రోగిని తిప్పి పంపే అవస్థ తప్పుతుంది. ఏ మందు ఎక్కడ ఎంత ఖర్చవుతున్నదో దాన్ని బట్టే తెలిసి తర్వాతి సరఫరా లెక్క కుదురుతుంది. చీటీ ప్రయాణం కంటే నిల్వ లెక్క గురించి బయట వినిపించే మాట తక్కువ గాని, రోగి చేతికి మాత్ర చేరడంలో దాని పాత్ర ఎక్కువ.

ప్రైవేటు షాపుల విషయంలో చట్టమే సగం దారిలో ఆగింది. ఆన్‌లైన్ ఫార్మసీల నియంత్రణకు కేంద్రం 2018 ఆగస్టు 28న ముసాయిదా నిబంధనలు ప్రకటించింది గాని అవి తుదిరూపం దాల్చలేదు. డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమై, 14 అంకెల ‘ఆభా’ సంఖ్యతో రోగి రికార్డులను అతని సమ్మతి మేరకు ఒకచోట నుంచి మరొకచోటికి పంపే మార్గం వేసింది. ఆ మార్గంలో చీటీ చదవడానికి దొరుకుతుంది, దాని మీద మందు ఇచ్చారన్న ముద్ర మాత్రం ఎవరూ వేయనక్కరలేదు. ఉమ్మడి పద్దు వస్తే వచ్చే భయం కూడా నిజమైనదే: ఒక మనిషి చీటీలన్నీ ఒకచోట చేరితే అతని క్షయ, అతని మానసిక వ్యాధి, అతని సంతానలేమి చికిత్స అన్నీ వరుసగా చదవవచ్చు, మందుల షాపు యజమానికి ఊళ్లో సగం కుటుంబాలు తెలిసిన గురజాల వంటి చోట, ఎవరికి ఎంతవరకు కనిపించాలన్నది సాంకేతిక వివరం కాదు. ఒక షాపుకు ఆ ఒక్క చీటీ మాత్రమే తెరుచుకునేలా, మందు ఇచ్చిన వెంటనే మూసుకుపోయేలా చేయడం అసాధ్యమేమీ కాదు, ఆస్ట్రేలియా క్యూఆర్ గుర్తు చేసేది అదే.

అన్నీ సవ్యంగా జరిగి మందు కౌంటరు మీదికి వచ్చాక ఆదేశం చివరిసారిగా మరో రూపం దాల్చాలి. మన షాపుల్లో పదిహేను మాత్రల అట్టలో ఆరు కావలసివస్తే కత్తెరతో కత్తిరించి కవరులో వేసి, కవరు మీద పెన్నుతో గీతలు గీయడం వాడుక. గడువు తేదీ ఉన్న ముక్క రోగికి దక్కవచ్చు, దక్కకపోవచ్చు. గడులుగా నింపిన చీటీ షాపు కంప్యూటరుకు చేరితే, అదే సమాచారం నుంచి మందు పేరు, బ్యాచి, గడువుతోపాటు వాడే విధానాన్ని తెలుగులో లేబులుగా అచ్చువేయవచ్చు. ఇందుకు అనువాద యంత్రమేదీ అక్కరలేదు. వేళకూ వ్యవధికీ ఉన్న ప్రతి సంకేతానికి ఒక తెలుగు వాక్యాన్ని ముందే రాసిపెట్టుకుంటే చాలు. మెట్‌ఫార్మిన్ కవరు మీద ‘ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక’ అనీ, మెథోట్రెక్సేట్ కవరు మీద ‘ఆదివారం మాత్రమే, మిగతా రోజుల్లో వేసుకోకూడదు’ అనీ వస్తుంది.